నిండు గోదాము

చౌటుప్పల్,
9 ఫిబ్రవరి 1997.

సాలూ,

ఏడు నెలలుగా నీకు ఉత్తరం రాయలేదు. కోపం ఉంటే ఇది చదివాక తిట్టు, ముందు చదువు.

మా హైదరాబాదు కంపెనీ నన్ను చౌటుప్పల్ పంపింది. హైవే పక్కన ఒక మందుల ఫ్యాక్టరీ. పదకొండు బ్లాకులు, నాలుగు గోదాములు, ఒక బాయిలర్ హౌసు. లోపల నాలుగు వందల మంది తిరుగుతుంటారు. ఎవరికైనా ఫోను వస్తే మైకులో పేరు పిలుస్తారు. యంత్రాల చప్పుడులో ఆ పిలుపు ఎవరికీ వినపడదు. అందుకని తీగలు లేని ఫోన్లు పెట్టాలనుకున్నారు. గోడలకు అక్కడక్కడ చిన్న పెట్టెలు బిగిస్తాం, ఒక్కొక్కటి ఇటుక అంత ఉంటుంది. మనిషి జేబులో ఫోను ఉంటుంది. అతను నడిచిపోతుంటే ఒక పెట్టె వదిలేసిన ఫోనును ఇంకో పెట్టె అందుకుంటుంది. మాట తెగదు. పెట్టెలు ఎన్ని కావాలి, ఎక్కడ బిగించాలి, ఏ గోడ ఎంత సిగ్నల్ మింగుతుంది, ఇదంతా తేల్చేది నేనే. నమ్ముతావా? ఈ పనికంతటికీ నేనే పెద్ద.

మేనేజరు రామచంద్రం గారు మొదటి రోజే అడిగారు: "మేడమ్, గీ ఫోన్లు ఉత్త మాట్లాడెటందుకేనా? ఇంకేమన్న చేస్తయా?" నెలాఖరుకు చెబుతానన్నాను. నువ్వు ఎనిమిదేళ్ళు ఆపరేటరుగా కూర్చున్నదానివి. ఫోనుతో మనుషులకు నిజంగా ఏం అవసరమో నాకంటే నీకు తెలుసు. ఏమైనా తోస్తే రాయి.

మా అబ్బా బాగున్నారు. కోస్గిలో రేడియో దుకాణం ఇంకా తీస్తూనే ఉన్నారు. నిన్ను అడిగారు.

నీ అజీజా

*

కొత్తకోట,
16 ఫిబ్రవరి 1997.

అజీజా,

కోపమేమీ లేదు. ఏడు నెలలు నేను కూడా రాయలేదు కదా.

ఇక్కడ ఆటోమేటిక్ ఎక్స్‌చేంజి వచ్చి రెండేళ్ళయింది. మా పాత బోర్డు పీకేశారు. నేను డిపార్టుమెంటు పరీక్ష రాసి టెక్నీషియన్ అయ్యాను. తీగలు వేయలేని ఊళ్ళకు రేడియో ఫోన్లు ఇచ్చారు చూడు, అవి మూగబోతే వెళ్ళి చూడటం ఇప్పుడు నా పని. బస్సు దిగి ఊళ్ళోకి పోతే, "ఫోను బాగుచేసెటాయన రాలేదా అమ్మా?" అని అడుగుతారు. నేనే అంటే నవ్వుతారు.

నీ ప్రశ్న గురించి రెండు రోజులు ఆలోచించాను. బోర్డు ముందు కూర్చున్న రోజుల్లో డాక్టరు గారికి ఫోను వస్తే నేను దవాఖానకు కలిపేదాన్ని కాదు. పది గంటలకు ఆయన రిజిస్ట్రారు ఇంట్లో టీ తాగుతుంటాడు. అక్కడికి కలిపేదాన్ని. ఎవరు ఏ వేళకు ఎక్కడుంటారో నా తలలో ఉండేది. నీ పెట్టెలకు ఆ సంగతి ఎలాగూ తెలుసు. ఎవరి ఫోను ఏ పెట్టె అందుకుందో తెలియకపోతే అసలు మాట ఎలా కలుపుతాయి? ఆ తెలిసినదాన్ని ఒక బోర్డు మీద చూపించు. ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే ఎవరు ఎక్కడున్నారో ఒక్క చూపులో తెలుస్తుంది.

ఇంకొకటి కూడా చేయవచ్చు. మనిషి ఘాటు మందులున్న గోదాములో అడుగు పెట్టగానే అక్కడి పెట్టె అతని ఫోనుకు ఒక మాట పంపాలి, మాస్కు పెట్టుకో అని. బాయిలర్ దగ్గరికి పోతే ఇంకో మాట. ఏ జాగాలో ఉంటే ఆ జాగాకు తగిన మాట.

ఇది జరిగే పనో కాదో నువ్వే చూడాలి. ఇంజనీరువి నువ్వు.

సాలమ్మ

*

చౌటుప్పల్,
15 జూన్ 1997.

సాలూ,

ఆలోచన అందరికీ నచ్చింది! రామచంద్రం గారు కుర్చీలోంచి లేచి, "గిది గద మేడమ్ అసలు సంగతి" అన్నారు. పని మొదలైంది. మొత్తం ముప్పై ఎనిమిది పెట్టెలు.

మేలో ఏటా చేసే మరమ్మతులకని ఫ్యాక్టరీ మూడు వారాలు మూశారు. కొలతలన్నీ అప్పుడే తీసేశాను. మనుషులు లేరు, సామాను లేదు, ఎక్కడా అడ్డంకి లేదు. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో మీటరు పట్టుకుని ప్రతి మూలా తిరిగాను. ఎండకు రేకుల షెడ్లు పెనంలా కాలాయి. చెప్పులు కరిగి అతుక్కున్నాయంటే నమ్ము.

పేపరులో జిల్లా పేజీ వాళ్ళు వచ్చి రాసుకుని వెళ్ళారు. కత్తిరించి ఇందులో పెడుతున్నాను. ఫోటోలో నా ముక్కు పెద్దగా పడింది, నవ్వకు. అబ్బా ఆ కాగితాన్ని దుకాణంలో అద్దం కింద పెట్టుకున్నారట.

నీ అజీజా

*

కొత్తకోట,
29 జూన్ 1997.

అజీజా,

పేపరు ముక్క అందింది. ముక్కు బాగానే ఉంది.

మనిషి జాడ చెప్పే ఫోను ఆలోచన ఒక సాయంత్రం టీ తాగుతుండగా నీకు తట్టిందని చదివాను. మంచి టీ అయి ఉంటుంది.

అమ్మ ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూసింది. చదువు రాదు కాబట్టి ఫోటోనే చూసింది. "గీ పిల్ల మన అజీజానే గాదు? నువ్వు గూడ గదే సదువు సదివితివి గదనే? నీకే గద ఫస్టు నంబరు అచ్చింది?" అంది. అవునన్నాను. పాలిటెక్నిక్ అయిపోయిన నెలకే నాయిన పోవడం, ఇంట్లో ముగ్గురు చిన్నవాళ్ళు ఉండటం, నేను ఆపరేటరు పరీక్ష రాయడం అన్నీ అమ్మకు తెలిసినవే. అయినా అడిగింది. తల్లులు అడుగుతారు.

ఇక్కడ వానలు లేవు. పని ఎక్కువ.

సాలమ్మ

*

చౌటుప్పల్,
17 ఆగస్టు 1997.

సాలూ,

టీ మాట ఆ విలేకరి సొంతంగా రాసుకున్నది. నేను దిద్దించాల్సింది, కుదరలేదు. ఆ విషయం తర్వాత మాట్లాడుకుందాం. ఇప్పుడు నాకు నీ సాయం కావాలి.

ముప్పై ఎనిమిది పెట్టెలూ బిగించాం. బోర్డు బాగానే చూపిస్తోంది, ఒక్క నాలుగో గోదాము తప్ప. అక్కడ ఇనుప డ్రమ్ములలో ద్రావకాలు ఉంచుతారు. మనిషి గోదాములో నిలబడి ఉంటే బోర్డు మాత్రం అతను ఎదురుగా ఉన్న బాయిలర్ హౌసులో ఉన్నాడని చెబుతోంది. ఎప్పుడూ కాదు, పదిసార్లలో మూడుసార్లు. పెట్టె గోదాము వెనక గోడకు ఉంది. మేలో కొలిచినప్పుడు గోదాములో ప్రతి మూలకూ దాని సిగ్నల్ ఝామ్మని అందింది. ఇప్పుడేమో ఇలా. మళ్ళీ కొలుద్దామంటే గోదాములో మనిషి ఒరుసుకుని పోయే సందులే ఉన్నాయి, సరుకు పైకప్పును తాకుతోంది.

మ్యాపు గీసి పెట్టాను. పెట్టెల జాగాలు ఎర్ర సిరాతో, కొలతలు నీలి సిరాతో. పాలిటెక్నిక్‌లో నా లెక్క తప్పితే నువ్వు దూరంనుంచే చూసి వేలు పెట్టేదానివి. చూసి చెప్పు. పద్దెనిమిది రోజుల్లో మొదలుపెట్టాలంటున్నారు.

అజీజా

*

కొత్తకోట,
24 ఆగస్టు 1997.

అజీజా,

మ్యాపు చూశాను. చాలా శుభ్రంగా గీశావు. పెట్టెల మధ్య దూరాలు సరిగ్గానే ఉన్నాయి. నాకు తప్పేమీ కనిపించలేదు.

పెట్టెలోనే లోపం ఉందేమో. మార్చి చూడు. ఊళ్ళలో కర్రకు ఏరియల్ కట్టే నాలాంటి దానికి విదేశాల నుంచి తెచ్చిన సామాను సంగతి ఏం తెలుస్తుంది? పేపరులో నీ పేరు రాసినవాళ్ళు ఊరికే రాయరు. నీకే తోస్తుంది.

సాలమ్మ

*

చౌటుప్పల్,
12 అక్టోబరు 1997.

సాలూ,

ఒళ్ళో కాగితం పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు బాగుండవు.

నువ్వు చెప్పినట్టే పెట్టె మార్చాను. రెండు రోజులు బోర్డు సరిగ్గా చూపించింది. సరే, లోపం పోయిందనుకుని సెప్టెంబరులో అంతా మొదలుపెట్టాం.

మొన్న బుధవారం పొద్దున పదకొండు గంటలకు నాలుగో గోదాములో ఒక డ్రమ్ము కారింది. లోపల భిక్షపతి అనే హమాలీ ఒక్కడే ఉన్నాడు. గోదాములో మాస్కు పెట్టుకొమ్మని చెప్పాల్సిన ఫోను బాయిలర్ దగ్గర వేడి జాగ్రత్త అని చెప్పింది. అతను ఆవిరికి కళ్ళు తిరుగుతుండగా ఫోను మీద ఆపదకని పెట్టిన ఎర్ర బటన్ నొక్కాడు. బోర్డు మీద అతని నంబరు వెలిగింది. బాయిలర్ హౌసులో వెలిగింది, సాలూ. అందరూ అటు పరుగెత్తారు. నేను కూడా. బాయిలర్ వెనక, బొగ్గు కుప్ప వెనక, పైపుల కింద వెతికాం.

పద్నాలుగు నిమిషాలు.

అతని భార్య నర్సింగమ్మ ప్యాకింగులో పనిచేస్తుంది. అరుపులు విని వచ్చింది. "మా ఆయన బాయిలర్ కాడికెందుకు పోతడు? డ్రమ్ముల పని అని పొద్దుగాల చెప్పిండు" అంది. ఎవరో, "లేదమ్మా, గీడ్నే ఉన్నడు, బోర్డు చూపిస్తాంది" అన్నారు. ఆమె వినలేదు. పోయి నేరుగా గోదాములోకి చొరబడింది.

బతికాడు. హైదరాబాదు దవాఖానలో ఉన్నాడు. గొంతులోంచి మాట రావడం లేదు, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. విచారణ అయ్యేదాకా నన్ను లోపలికి రావద్దన్నారు.

నాకు ఒక్కటే ధైర్యం. నువ్వు కూడా మ్యాపు చూశావు, తప్పు లేదన్నావు. నీ కంటికే ఆననిది నా కంటికి ఆనకపోతే అది నా నిర్లక్ష్యం కాదు కదా? ఆ ఒక్క మాట రాసి పంపు. దాన్ని పట్టుకుని కూర్చుంటాను.

అజీజా

*

కొత్తకోట,
19 అక్టోబరు 1997.

అజీజా,

ఆ మాట రాయలేను. అది అబద్ధం.

మ్యాపు విప్పిన ఐదు నిమిషాలకే నాకు తెలిసింది. నువ్వు మేలో కొలిచినప్పుడు గోదాము ఖాళీగా ఉంది. ఖాళీ గోదాములో వెనక గోడనుంచి సిగ్నల్ అంతటా అందుతుంది. ఇనుప డ్రమ్ములు పైదాకా పేరిస్తే ఆ పెట్టె ముందు ఇనుప గోడ కట్టినట్టే. లోపలి మనిషికి తన పెట్టె వినపడదు. తెరిచిన తలుపులోంచి ఎదుటి బాయిలర్ హౌసు పెట్టె వినపడుతుంది. ఫోను దాన్నే పట్టుకుంటుంది. నువ్వు పెట్టె మార్చిన రెండు రోజులు సరుకు తగ్గి ఉంటుంది, అందుకే బాగా చూపించింది.

ఇది నాకు పుస్తకంలో దొరకలేదు. మా దగ్గర గుర్వయ్య అనే ఆయన కిరాణం దుకాణంలో ఊరి ఫోను ఉంది. పల్లీల కాలం రాగానే మూగబోయేది. మూడుసార్లు పోయి సామాను మార్చాను. నాలుగోసారి పోతే, పక్కన నూనె మిల్లువాళ్ళు ఏరియల్‌కు ఎదురుగా ఖాళీ డ్రమ్ములు పేర్చడం కనిపించింది. సరుకు ఉన్నప్పుడు కొలవాలని ఆ రోజే నేర్చుకున్నాను.

ఆగస్టులో ఇదంతా ఒక కాగితం మీద రాశాను కూడా. రాసి, చించేశాను. నీ ఫోటో గుర్తొచ్చింది. టీ గుర్తొచ్చింది. పెద్ద ఇంజనీరమ్మ, ఈ ఒక్కటైనా తనే తేల్చుకోనీ, కొంచెం తలదించుకోనీ అనుకున్నాను. నీకు చిన్న అవమానం జరగాలని కోరుకున్నాను, అంతే. ఆ గోదాములో ఒక మనిషి ఉంటాడని తలుచుకోలేదు. తలుచుకోలేదంటే ఎవరు నమ్ముతారు? మనుషుల జాడ కోసమే ఆ బోర్డు పెట్టమని నీకు చెప్పింది నేనే.

క్షమించమని అడగను.

సాలమ్మ

*

చౌటుప్పల్,
26 అక్టోబరు 1997.

సాలమ్మకు,

అందింది. ఇక రాయకు.

అజీజా బేగం

*

కొత్తకోట,
30 నవంబరు 1997.

అజీజా,

రాయవద్దన్నావు. ఇది ఒక్కటి రాయకపోతే నువ్వు ఇంకొకరి నోట వినాల్సి వస్తుంది.

గురువారం సెలవు పెట్టి చౌటుప్పల్ వచ్చాను. నీ గది వైపు రాలేదు. భిక్షపతి దవాఖాననుంచి ఇంటికొచ్చాడని తెలిసి అక్కడికి పోయాను. అతను గడపలో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కింద కూర్చుని, నేనెవరో చెప్పి, జరిగింది మొత్తం చెప్పాను.

నర్సింగమ్మ చేతిలో చాట ఉంది. కింద పెట్టింది. "తెలిసి గూడ చెప్పలేదా?" అంది.

"చెప్పలేదు."

"ఎందుకు?"

"నా దోస్తు మీద కుళ్ళుకుని."

ఆమె నా ముఖం చూసి, "మీ ఇద్దరి నడుమ మా ఆయన ఏం జేసిండమ్మా? లే. బయటికి నడువు" అంది. లేచాను. నడిచాను కూడా. అప్పుడు భిక్షపతి మంచం కోడును చేత్తో తట్టాడు. గొంతు కాగితం చించినట్టు వస్తోంది. "జర ఆగుండ్రి. రేపు గా గోదాముల నా జాగల ఇంకొగలు ఉంటరు. వాళ్ళకు గిట్ల గాకుంట ఏం జెయ్యాల్నో గది రాసిచ్చి పోండ్రి" అన్నాడు.

అక్కడే అరుగు మీద కూర్చుని రాశాను. పెట్టెను వెనక గోడనుంచి తీసి డ్రమ్ముల వరుసలకు నడుమ పైకప్పుకు వేలాడదీయాలి. రెండో పెట్టె తలుపు లోపలి వైపు పెట్టాలి. బాయిలర్ హౌసు పెట్టె బలం తగ్గించాలి. సరుకు నిండుగా ఉన్న రోజే కొలవాలి. ఆ కాగితం రామచంద్రం గారికి ఇచ్చాను. దాని కింద, ఆగస్టులోనే నాకు తప్పు తెలిసిందనీ నిన్ను తప్పుదారి పట్టించాననీ రాసి, పేరు, ఉద్యోగం, ఊరు పెట్టి సంతకం చేశాను. నా ఆఫీసుకు తెలియజేయాలంటే తెలియజేయవచ్చని చెప్పి వచ్చాను.

సాలమ్మ

*

చౌటుప్పల్,
14 డిసెంబరు 1997.

సాలమ్మా,

విచారణలో రామచంద్రం గారు నీ కాగితం బల్ల మీద పెట్టి, ఇది నిజమేనా అని అడిగారు. నిజమే అన్నాను. తర్వాత ఇంకో రెండు చెప్పాను. జాడ చూపే ఆలోచన మొదటినుంచీ నీదని చెప్పాను. తప్పు మాత్రం నాదని చెప్పాను. ఖాళీ గోదామును కొలిచింది నేను. అనుమానం తీరకుండానే మొదలుపెట్టింది నేను. నువ్వు చెప్పకపోవడం వేరే పాపం, అది నువ్వు మోసుకో.

ఒక సంగతి వాళ్ళకు చెప్పలేదు. నీకు చెబుతాను. నీ కాగితం రాకముందు ఐదు వారాలు నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. తీసి చూపిస్తే నా మీద సగం బరువు తగ్గేది. చూపించలేదు. మంచితనం అనుకోకు. మూడు నెలలు ఆ గోదాము చుట్టూ తిరిగినా నాకు తెలియనిది నువ్వు కొత్తకోటలో కూర్చుని ఐదు నిమిషాల్లో పట్టావని ఎవరికీ తెలియకూడదని దాచాను.

చిన్నప్పటినుంచీ నాకు ఇదే మంట. అబ్బా పాడైన రేడియో తెరవకముందే నిన్ను పిలిచేవారు. నువ్వు చెవి ఆనించి ఎక్కడ తెగిందో చెప్పేదానివి. "అల్లా చెవి సాలమ్మకిచ్చిండు, నోరు అజీజాకిచ్చిండు" అని నవ్వేవారు. సొంత కూతురి ముందు. నువ్వు ఇంజనీరింగుకు రాలేనన్న రోజు నేను నీ పక్కన కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే, లోపల ఎక్కడో ఊపిరి తేలికైంది. టీ మాట విలేకరి రాసింది కాదు. నేనే చెప్పాను.

ఇంకో కంపెనీకి పని ఇచ్చేస్తారనుకున్నాను. సరిదిద్దే అవకాశం నాకే ఇచ్చారు, ఒకే ఒక్క అవకాశం. నీ కాగితంలో ఉన్నట్టే పెట్టెలు మార్పిస్తున్నాను. జనవరి 10, శనివారం, గోదాము నిండుగా ఉన్నప్పుడు కొలుస్తాను. నిన్ను రమ్మనడం లేదు. తారీఖు చెబుతున్నాను.

అజీజా

*

కొత్తకోట,
11 జనవరి 1998.

అజీజా,

నిన్న మనం ఏడు గంటలు ఒకే ఫ్యాక్టరీలో ఉన్నాం. ఒకరికొకరం చెప్పుకున్నవి నంబర్లే. అందుకే ఇంటికి రాగానే రాస్తున్నాను.

నేను బోర్డు దగ్గర, నువ్వు తలుపు దగ్గర. ఫోను పట్టుకుని లోపల తిరుగుతానని నర్సింగమ్మే ముందుకు వస్తుందనుకోలేదు. "నేనే తిరుగుత. మీ ఇద్దర్నీ నమ్మ" అని మాస్కు కట్టుకుంది. డ్రమ్ముల సందుల్లోంచి ప్రతిసారీ, "ఇప్పుడు నేను యాడున్న?" అని అడిగింది. గోదాములో ఉన్నావమ్మా అని ప్రతిసారీ నేను చెప్పాను. నలభై జాగాల్లో ముప్పై ఎనిమిది సరిగ్గా వచ్చాయి. మిగిలిన రెండింటి కోసం నువ్వు నిచ్చెనెక్కి పెట్టెను రెండు గజాలు జరిపించావు. మళ్ళీ మొదటినుంచి నలభై తిరిగింది. నలభైకి నలభై వచ్చాక ఫోను నీ చేతికిచ్చి, నాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా పనిలోకి పోయింది. అంతకంటే ఎక్కువ నాకు రావలసింది లేదు.

రామచంద్రం గారు నీకు దండం పెట్టి, "మేడమ్, మొండిపట్టు పట్టి సాధించిండ్రు" అన్నారు. నా వైపు తిరిగి, "మీరు గూడ మంచిగ సాయం జేసిండ్రు" అన్నారు. ఆ "గూడ" అన్న మాట కొత్తకోట దాకా బస్సులో నా పక్క సీట్లోనే కూర్చుంది. అసూయ పోలేదు, అజీజా. పోతుందని కూడా అనుకోను. నీది కూడా పోయి ఉండదు.

ఇంకొకటి. ఏడో బ్లాకులో పెట్టె ఇనుప మెట్ల కింద ఉంది. అది తప్పు జాగా. పై అంతస్తుకు ఎక్కిన మనిషిని బోర్డు కింది అంతస్తులోనే చూపిస్తుంది. నిన్న మధ్యాహ్నం అటుగా పోతూ చూశాను. అప్పుడే చెప్పాల్సింది. నలుగురిలో నీ తప్పు ఎత్తి చూపడం ఎందుకులే అని ఆగాననుకున్నాను. బస్సులో మళ్ళీ ఆలోచిస్తే, ఆగింది అందుకేనా అని నా మీద నాకే నమ్మకం కలగలేదు.

ఈ ఉత్తరం నిన్ను చేరడానికి మూడు రోజులు పడుతుంది. ఆ మెట్ల మీద రోజూ మనుషులు తిరుగుతారు. అందుకని దీన్ని డబ్బాలో వేసి, అటునుంచి అటే ఎక్స్‌చేంజికి పోయి నీకు ఫోను చేస్తున్నాను. ముందు మెట్ల సంగతి చెబుతాను. ఆ తర్వాత నువ్వు ఫోను పెట్టేయకపోతే, ఇంకా మాట్లాడతాను.

సాలు